కేతిగాడిని కదిలించిన గ్రీజ్ పెన్సిల్: ఏడాది వాడాక

రూపాయి ఖర్చు లేకుండా టూడీ యానిమేషన్ చేయడానికి బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో గీతలు గీసి కదిలించే పనిముట్టు అయిన గ్రీజ్ పెన్సిల్ సరిపోతుందా అని మా జూనియర్లు తరచుగా అడుగుతుంటారు. ఏడాదికి పైగా దానితో కుస్తీ పట్టి, తొంభై సెకన్ల లఘుచిత్రం ఒకటి గట్టెక్కించాను కాబట్టి జవాబు ముందే చెప్పేస్తాను. కత్తిరించిన బొమ్మల కీళ్లు కదిపి నడిపించే సినిమా అయితే కళ్లు మూసుకుని మొదలుపెట్టండి. ప్రతి ఫ్రేమూ చేత్తో గీసే సినిమా అయితే మాత్రం ముందు వేరే సాఫ్ట్‌వేర్లను కూడా చూసి రండి.

నేను తీసుకున్నది తోలుబొమ్మలాటలో నవ్వించే పాత్రల కథ. కేతిగాడు, బంగారక్క ఒక అప్పు గురించి పోట్లాడుకోవడం, అంతే. ఈ ఎంపికలో సంస్కృతి మీద ప్రేమ ఎంత ఉందో బద్ధకమూ అంతే ఉంది. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తొంభై సెకన్లకు 2160 ఫ్రేములు. రెండేసి ఫ్రేములకు ఒక బొమ్మ చొప్పున పొదుపు చేసినా 1080 బొమ్మలు. ఒక్కో బొమ్మకు పది నిమిషాలు వేసుకుంటే 180 గంటలు గీతలకే పోతాయి, అదీ ఒక్క పాత్రకు. అదే మన ఆంధ్ర తోలుబొమ్మ అయితే భుజం, మోచేయి, మోకాలు దగ్గర విడి ముక్కలుగా కుట్టి ఉంటుంది. ఒక్కసారి శ్రద్ధగా గీస్తే చాలు, ఆ తర్వాత పని అంతా కీళ్లదే. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంట కళాకారులు చేసిన బొమ్మల ఫోటోలు ముందు పెట్టుకుని, కీలు ఎక్కడ వస్తుందో, ఏ ముక్క దేని మీదికి వస్తుందో చూసి గీశాను. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

బ్లెండర్ అసలు త్రీడీ సాఫ్ట్‌వేర్. 2002లో దాని అభిమానులు ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి కోడ్‌ను పెట్టుబడిదారుల నుంచి విడిపించారు. అప్పటి నుంచి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. 2019లో వచ్చిన 2.8 వెర్షన్‌తో గ్రీజ్ పెన్సిల్ పూర్తిస్థాయి టూడీ పనిముట్టు అయింది. అయినా త్రీడీ ఇంట్లో అద్దెకున్న టూడీ అన్న సంగతి మొదటి రోజుల్లో అడుగడుగునా తెలిసివస్తుంది. మీరు గీసే గీత కాగితం మీద పడదు, గాల్లో ఒక తలం మీద పడుతుంది. చూపు కాస్త వాలుగా తిప్పి గీశారంటే ముందునుంచి చూసినప్పుడు బాగానే ఉన్న చెయ్యి, పక్కనుంచి చూస్తే మైలు దూరంలో వేలాడుతూ ఉంటుంది. గీసే తలాన్ని ‘ఫ్రంట్’కు బిగించి ఉంచితే ఈ బాధ తప్పుతుంది. కొత్త ఫైలు తెరిచేటప్పుడు ‘టూడీ యానిమేషన్’ అన్న నమూనాతోనే మొదలుపెట్టండి. మామూలు త్రీడీ నమూనాలో మొదలుపెడితే 4.0 నుంచి వచ్చిన ఏజీఎక్స్ అనే రంగుల పద్ధతి మీ ఎరుపును వెలిసిన చీర రంగులోకి దించేస్తుంది. తోలుబొమ్మకు ఎరుపు, ఆకుపచ్చ, నలుపే ప్రాణం కదా. రంగుల పద్ధతిని ‘స్టాండర్డ్’కు మారిస్తే మీరు ఎంచుకున్న రంగు ఎంచుకున్నట్టే కనిపిస్తుంది. ఇంకొక చిన్న సంగతి: పక్కన అంకెల మీటలు లేని ల్యాప్‌టాప్ అయితే ప్రిఫరెన్సుల్లో ‘ఎమ్యులేట్ నమ్‌ప్యాడ్’ పెట్టుకోవాలి. లేకపోతే యూట్యూబ్ పాఠాల్లో సగం మీ చేతికి అందవు.

గీతల నాణ్యత గురించి నిష్ఠూరంగానే చెప్పాలి. చవకరకం పెన్ టాబ్లెట్‌తో గీసినా చేతి ఒత్తిడిని బాగానే పట్టుకుంటుంది, గీసిన గీతను తర్వాత మట్టిముద్దలా సాగదీసి సరిచేసుకునే సౌకర్యం మరెక్కడా ఇంత హాయిగా లేదు. కానీ రంగు నింపే పనిముట్టు నా సహనాన్ని పరీక్షించింది. గీతల మధ్య వెంట్రుకవాసి సందు ఉన్నా రంగు కారిపోతుంది. సందులు మూసే సెట్టింగు ఉంది, దాన్ని పెంచితే వేళ్ల మధ్య ఖాళీల్ని కూడా మూసేస్తుంది. బంగారక్క చీర అంచు మీద నగిషీ నింపడానికి పట్టిన సమయంలో రెండు షాట్లు అయిపోయేవి. కుంచె అనుభూతి కావాలంటే, అది కూడా ఉచితమే అయిన క్రిటా అనే బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్ చాలా ముందుంది. నా నేపథ్యాలన్నీ అందులోనే వేసుకుని బొమ్మలుగా తెచ్చుకున్నాను.

అసలు ఆనందం కీళ్ల దగ్గర మొదలైంది. తల, మొండెం, పై చెయ్యి, ముంజేయి, తొడ, కాలు అన్నీ విడి వస్తువులుగా గీసి, ఒక్కోదాని మూలబిందువును (ముక్క తిరిగే ఇరుసును) సరిగ్గా కీలు మీద నిలిపి, ‘ఎముకలు’ అనే, తిప్పితే తమకు కట్టిన ముక్కను కదిపే కడ్డీలకు కట్టేశాను. ముక్కల్లో ఏది ముందు, ఏది వెనుక అన్న గొడవ కూడా త్రీడీ వల్లే తేలిగ్గా తేలింది. లోతు క్రమాన్ని ‘త్రీడీ లొకేషన్’కు మార్చి, ముంజేతిని గోరంత ముందుకు జరిపితే అది ఎప్పటికీ మొండెం ముందే ఉంటుంది. కెమెరా వాటిని ఒకే తలంలో చూస్తుంది, ప్రేక్షకుడికి తేడా తెలియదు.

మొదటి పోట్లాట సన్నివేశం చూపించినప్పుడు మా మాస్టారు ఒక్క మాట అన్నారు: “బొమ్మ చేపలా ఈదుతోందమ్మా. కర్ర పట్టుకున్న చెయ్యి ఎక్కడ?” నిజమే. బ్లెండర్ రెండు కీఫ్రేముల (మనం భంగిమ నిర్ణయించిన ఫ్రేముల) మధ్య కదలికను తనంతట తాను మెత్తగా, నెమ్మదిగా మొదలై నెమ్మదిగా ఆగేట్టు నింపుతుంది. కారు ప్రకటనకు అది అందం. తోలుబొమ్మ వెనుక కర్ర తిప్పే మనిషి ఉంటాడు, అతని విసురు ఉంటుంది, బొమ్మ ఆగినప్పుడు టక్కున ఆగి కొంచెం వణుకుతుంది. కీఫ్రేముల పట్టిక అయిన డోప్ షీట్‌లో వాటన్నిటినీ ఎంచి టీ మీట నొక్కి ‘కాన్‌స్టంట్’ చేశాను. మధ్య కదలికలు మాయమై బొమ్మ భంగిమ నుంచి భంగిమకు దూకడం మొదలుపెట్టింది. దూకుడు మరీ ఎక్కువైన చోట చేతికి మాత్రం మెత్తదనం ఉంచి, తలకు తీసేశాను. ఆగిన చోట వణుకు కోసం రెండు ఫ్రేములు అటూ ఇటూ ఒక డిగ్రీ తిప్పాను. నేను ఈ ఏడాదిలో నేర్చుకున్న యానిమేషన్‌లో ముప్పాతిక భాగం ఈ ఒక్క సన్నివేశంలోనే నేర్చుకున్నాను. సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇచ్చే మెత్తదనాన్ని ఎక్కడ తీసుకోవాలి, ఎక్కడ తిప్పికొట్టాలి అన్నదే దీనితో పనిచేసే ప్రతి విద్యార్థికీ ఎదురయ్యే పరీక్ష. చాలా విద్యార్థి చిత్రాల్లో పాత్రలు జారుతూ నడవడానికి కారణం కూడా ఇదే అని నా అనుమానం.

తెర వెనుక దీపం కోసం ఒక లైటు పెట్టి, దాని వెలుగు విలువకు ఒక్క కీఫ్రేము పెట్టి, గ్రాఫ్ ఎడిటర్‌లో (విలువల మార్పును గీతగా చూపే కిటికీలో) ‘నాయిస్’ మోడిఫయర్ (విలువను ఇష్టమొచ్చినట్టు ఊపే అమరిక) తగిలించాను. ఇంకో కీఫ్రేము పెట్టకుండానే ఆముదపు దీపంలా రెపరెపలాడింది. ఇలాంటివి చూసినప్పుడే త్రీడీ ఇంట్లో అద్దెకు ఉండటం లాభమేననిపిస్తుంది.

మాటల విషయంలో తోలుబొమ్మ నాకు పెద్ద ఉపకారం చేసింది: దానికి పెదవులు కదలవు. పెదవుల కదలిక కుదర్చడం తప్పింది కానీ, మాట ఎవరిదో తెలియాలంటే నొక్కి పలికిన అక్షరం దగ్గర తలో చెయ్యో కదలాలి. అందుకు శబ్దాన్ని ఫ్రేము ఫ్రేముకూ వినగలగాలి. టైమ్‌లైన్‌లో ‘ఆడియో స్క్రబింగ్’ పెట్టుకోండి, ప్లేబ్యాక్‌ను ‘సింక్ టు ఆడియో’కు మార్చండి. మొదట ఉండే పద్ధతిలో ప్రతి ఫ్రేమునూ చూపించాలన్న పట్టుదలతో బొమ్మ మెల్లగా, మాట దాని దారిన అది పోతుంటాయి.

ఇక తెలుగు అక్షరాలు. నేను వాడిన 4.2లో టెక్స్ట్ వస్తువుగా ‘బంగారక్క’ అని పెడితే ‘క్క’ ఒత్తు కింద చేరకుండా, పక్కన ఇంకో ‘క’ అయి నిలబడింది. మంచి తెలుగు ఫాంటు ఇచ్చినా మార్పు లేదు, ఎందుకంటే అక్షరాల్ని కలిపి పేర్చే పనే అక్కడ జరగడం లేదు. ఇంత సాఫ్ట్‌వేర్‌లో ఈ లోటును నేను క్షమించలేను. దారి ఏమిటంటే, ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో పేర్లు టైపు చేసి, అక్షరాల్ని పాత్‌లుగా (గీతలుగా) మార్చి, ఎస్‌వీజీ ఫైలుగా దాచి, బ్లెండర్‌లోకి గ్రీజ్ పెన్సిల్‌గా తెచ్చుకోవడం. వచ్చాక అవి మామూలు గీతలే కాబట్టి ‘బిల్డ్’ మోడిఫయర్ పెడితే ఎవరో రాస్తున్నట్టు ఒక్కొక్క అక్షరమే కనిపిస్తుంది. టైటిళ్లు చూసి మెచ్చుకున్నవాళ్లలో ఎవరికీ ఈ తంటా తెలియదు.

ఎనిమిది జీబీ మెమరీ ఉన్న నా ల్యాప్‌టాప్ ఈ సినిమాకు సరిపోయింది. నేపథ్యాలు పెద్దవైనప్పుడు మూలిగింది, కానీ ఆగిపోలేదు. రెండర్ (ఫ్రేములను చివరి బొమ్మలుగా తయారుచేయడం) మాత్రం నేరుగా వీడియోగా తీయకండి. పీఎన్‌జీ బొమ్మల వరుసగా తీస్తే, అర్ధరాత్రి కరెంటు పోయి బ్యాటరీ కూడా అయిపోయినా, తెల్లవారి ఆగిన ఫ్రేము నుంచి కొనసాగించవచ్చు. ఆ బొమ్మల్ని బ్లెండర్‌లోనే ఉన్న వీడియో ఎడిటర్‌లో పేర్చి ఎంపీ4 చేసేటప్పుడు ఆడియో కోడెక్ (శబ్దాన్ని ఏ రూపంలో దాచాలో చెప్పే) గడి చూసుకోండి. మొదట అది ‘నో ఆడియో’ అని ఉంటుంది. మూకీ సినిమా తీసే ఉద్దేశం ఉంటే సరే.

మధ్యలో, 2024 నవంబరులో, 4.3 వచ్చింది. అందులో గ్రీజ్ పెన్సిల్‌ను లోపలి నుంచి తిరగరాశారు, లేయర్లను గుంపులుగా కట్టుకునే సదుపాయం ఇచ్చారు. పాత ఫైళ్లు కొత్త రూపంలోకి మారతాయి కానీ, 4.3లో దాచిన బొమ్మల్ని 4.2 తిరిగి చదవలేదు. సినిమా సగంలో ఉన్నవాళ్లు ఆశపడి ఎక్కేయకండి. 4.2కు రెండేళ్లు మరమ్మతులు ఇస్తామని వాళ్లే చెప్పారు కాబట్టి నేను అక్కడే ఉండి పూర్తి చేశాను.

చేత్తో గీసే యానిమేషన్ మీద మనసున్నవాళ్లు క్రిటాను, 2016 నుంచి ఉచితంగా దొరుకుతున్న ఓపెన్‌టూన్జ్‌ను ముందు చూడండి. కీళ్ల బొమ్మలు, నీడల ఆట, కెమెరా కదలికలు కావాలనుకునేవాళ్లకు గ్రీజ్ పెన్సిలే నా సలహా. ఒక సెమిస్టర్ చేతిలో ఉంటే మొదటి నెల ఒక్క చెయ్యిని మాత్రమే గీసి, ఎముకలు కట్టి, ఊపి చూడండి. పూర్తి బొమ్మ జోలికి ఆ తర్వాతే వెళ్లండి.