పున్నమి నాడు చంద్రుడి మీదికి వెళ్లకండి: టెక్కలి వైపు నుంచి బయల్దేరేవాళ్లకు

చందమామ యాత్ర అనగానే అందరూ పున్నమికే టికెట్ అడుగుతారు. అంతకంటే చెడ్డ ముహూర్తం లేదు. ఎక్కువమంది దిగే ప్రశాంత సాగరం అనే మైదానంలో పున్నమి వేళకు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. నేల వంద డిగ్రీలు దాటి కాలుతుంది, నీడలు కురచై ఏది గుంటో ఏది గట్టో ఆనదు. అక్కడ తెల్లవారేది మన శుక్ల షష్ఠికి, పొద్దుగూకేది బహుళ షష్ఠికి, ఒక రోజు అటూ ఇటూగా. చవితికి బయల్దేరితే మూడు రోజుల ప్రయాణం, సప్తమికి దిగుతారు. 1969 జులై 20న అపోలో 11 దిగింది కూడా అక్కడ పొద్దు పొడిచిన కాసేపటికే. వాలు ఎండలో ప్రతి రాయికీ పొడుగాటి నీడ ఉంటుంది మరి.

బండి టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో ఎక్కాలి, రైల్లో వచ్చేవాళ్లకు నౌపడ దగ్గర. బండిని లాగే గూడబాతులు (పెలికాన్లు) అక్కడ సెప్టెంబరు నుంచి మార్చి దాకానే ఉంటాయి. అందులోనూ అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. మాఘంలో రథసప్తమికి అరసవల్లి వచ్చే జనంతో శ్రీకాకుళంలో లాడ్జి దొరకదు. అవన్నీ తీసేస్తే పుష్యం మేలు. గూడబాతు బరువే ఐదు కిలోలు. ఒక్కోటి కిలో మోస్తుందనుకున్నా సామానుతో కలిపి 80 కిలోల మనిషికి 80 పక్షులు కావాలి. ఇరవైతో లాగించేస్తామనే బేరగాడి మాట నమ్మకండి.

పక్షులతోనే చివరిదాకా అనే ప్యాకేజీ శుద్ధ దండగ. దూరం సగటున 3,84,400 కిలోమీటర్లు. గంటకు 50 చొప్పున ఆగకుండా ఎగిరినా 320 రోజులు. అసలు గాలి పలచబడ్డాక రెక్క ఎంత ఆడించినా నెట్టడానికి ఏమీ ఉండదు. అక్కడ తారాజువ్వకు మారాల్సిందే. మందులోని సురేకారం మండటానికి కావలసిన ఆక్సిజన్‌ను తానే ఇస్తుంది కనుక శూన్యంలోనూ పని చేస్తుంది.

కూర్చునే గది అంటే మూతికి మూతి బిగించిన రెండు బుడితి ఇత్తడి గంగాళాలు. పనితనానికి వంక పెట్టలేం, తంటా అంతా అతుకు దగ్గరే. చలికి ఇత్తడి కుంచించుకుపోతుంది, మధ్యలోని రబ్బరు బిరుసెక్కుతుంది, గాలి జారిపోతుంది. ఎక్కే ముందే లోపల గాలి కొట్టించి అతుకు చుట్టూ సబ్బునీళ్లు పూయించండి. బుడగ లేస్తే ఎక్కకండి.

గదిలో గాలి ఒత్తిడి మన నేల మీద ఉన్నదాంట్లో మూడో వంతే. నీళ్లు 70 డిగ్రీల చిల్లరకే మరిగిపోతాయి, కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకే. కుక్కరు తప్పనిసరి. దారిలో ముక్కు దిబ్బడేసి రుచి తగ్గుతుంది, ఆవకాయ దండిగా పట్టుకెళ్లండి. చేగోడీలు వద్దు, పొడి తేలివచ్చి కళ్లలో పడుతుంది. పలాస జీడిపప్పుకు ఆ బాధ లేదు. చోడి అంబలిని గొట్టంతో పీల్చుకోవాలి.

బసల్లో మొదటి మార్కు ప్రశాంత సాగరంలోని గుండానిదే. వంద మీటర్ల లోతు. పైన నేల కాలుతున్నా అడుగున నీడపట్టు సుమారు 17 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది, ఏసీ ఖర్చే లేదు. తాడు పట్టుకుని దిగేటప్పుడు మాత్రం జాగ్రత్త: 60 కిలోల మనిషి పది కిలోలున్నట్టు తేలిగ్గా ఉంటాడు గానీ ఊపు తగ్గదు, మలుపులో గోడకు గుద్దుకునేది అందుకే. టైకో అంచు హోటలుకు పేరు పెద్దది. 85 కిలోమీటర్ల వెడల్పు గొయ్యి, చూడటానికి బాగుంటుంది, ఉండటానికి బాగోదు. దక్షిణ ధ్రువం దగ్గర షాకిల్‌టన్ అనే గొయ్యి అంచు మీద ఎండ దాదాపు ఎప్పుడూ ఉంటుంది, కానీ గొయ్యిలోకి ఎప్పుడూ రాదు. చవక అని గొయ్యిలో గది తీసుకుంటే గడ్డకట్టుకుపోతారు.

పొందూరు ఖద్దరు లోపల కట్టుకోండి, పైన వద్దు. చంద్రుడి మీది దుమ్మును గాలీ నీరూ అరగదీయవు కనుక ప్రతి రేణువూ గాజుపెంకే. అంటుకుంటే దులిపినా వదలదు, అపోలో వాళ్ల సూట్లే అరిగిపోయాయి. లోపలికి తెస్తే దీపావళి మర్నాటి వీధిలా కాలిన మందు వాసన, తుమ్ములు.

‘గది కిటికీలోంచి భూమి ఉదయం’ అని అదనంగా అడుగుతారు, ఇవ్వకండి. చంద్రుడిలో మనకు కనిపించే ఇటువైపు నేల మీద నిలబడితే భూమి పొడవదు, కుంకదు. దాదాపు ఒకేచోట వేలాడుతుంది. ఆ ఉదయం చంద్రుడి చుట్టూ తిరిగే బండిలోంచి చూసేవాళ్లకే. విజయనగరం కోట చూపిస్తానని వేలు చూపే గైడుదీ అదే వరస: అంత దూరంనుంచి వంద కిలోమీటర్లకు తక్కువదేదీ ఉత్త కంటికి ఆనదు, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండూ కలిసి ఒక చుక్క. ఇంటికి ఫోను చేస్తే జవాబుకు రెండున్నర సెకన్లు ఆగాలి. ఆగకుండా మాట్లాడితే ఇద్దరి మాటలూ ఒకదాని మీదొకటి పడతాయి. వెనకవైపుకు సిగ్నల్ నేరుగా అందదు.

తిరుగు టికెట్ బహుళ చవితి దాటనివ్వకండి. చీకటి పడ్డాక రెండు వారాలూ సున్నాకు వంద డిగ్రీలకు పైగా దిగువన ఉంటుంది. 2023 ఆగస్టు 23న దిగిన చంద్రయాన్-3 పనిచేసింది ఒక్క పగలే, రాత్రి గడిచాక మళ్లీ మేలుకోలేదు.