80 హెర్ట్జా, 120 హెర్ట్జా? సబ్‌వూఫర్ క్రాసోవర్‌కు ఏది మేలు

వార్తలు చదివే ఆయన తెర మీద ఎదురుగా కూర్చున్నారు. గొంతులోని బరువు మాత్రం నా వీపు వెనక నుంచి వస్తోంది. వైర్‌లెస్ కదా, ఎక్కడ పెడితే ఏమని, మంద్ర ధ్వనులు పలికించే పెట్టె అయిన సబ్‌వూఫర్‌ను సోఫా వెనక మూలలో పెట్టాను. యాప్ తెరిచి చూస్తే క్రాసోవర్ 150 హెర్ట్జ్ దగ్గర ఉంది. పెట్టెలో లోపమేమీ లేదు. ఆ అంకెకూ, పెట్టె ఉన్న చోటుకూ పొత్తు కుదరలేదు.

క్రాసోవర్ అంటే పని పంచే గీత. దాన్ని కొలిచే హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని కంపనాలన్న లెక్క, అంకె తగ్గేకొద్దీ ధ్వని మంద్రమవుతుంది. గీతకు పైనున్న ధ్వని చిన్న స్పీకర్లకు, కిందిది సబ్‌వూఫర్‌కు వెళుతుంది. అయితే ఆ గీత గోడలా నిలువుగా ఉండదు, వాలుగా దిగుతుంది. స్పీకర్లన్నిటికీ ధ్వనిని పంచే హోమ్ థియేటర్ రిసీవర్లలో సబ్‌వూఫర్ వైపు వాలు సాధారణంగా ఆక్టేవ్‌కు, అంటే హెర్ట్జ్ అంకె రెట్టింపైన ప్రతిసారీ, 24 డెసిబెల్స్. గీతను 120 దగ్గర పెడితే 240 హెర్ట్జ్ దగ్గర ధ్వని 24 డెసిబెల్స్ తగ్గుతుందే తప్ప పూర్తిగా ఆగిపోదు. మగవారి మాటల మూల పౌనఃపున్యం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. గీత పైకి జరిగేకొద్దీ మాటల్లో కొంత భాగం సబ్‌వూఫర్ చేతికి వెళ్లిపోతుంది.

80 హెర్ట్జ్‌కు పేరు రావడానికి కారణం ఇదే. సినిమా ధ్వని నాణ్యతకు పేరున్న టీహెచ్‌ఎక్స్ ప్రమాణం కూడా ఈ అంకెనే తీసుకుంది. ఈ స్థాయిలో ధ్వని తరంగం పొడవు 4.3 మీటర్లు. అంత పొడవైన తరంగం రెండు చెవులకూ దాదాపు ఒకేలా చేరుతుంది కాబట్టి అది ఏ దిక్కు నుంచి వచ్చిందో పోల్చుకోవడం కష్టం. సబ్‌వూఫర్ సోఫా పక్కన ఉన్నా, కిటికీ కింద ఉన్నా పేలుడు శబ్దం తెర మీద నుంచే వచ్చినట్టు ఉంటుంది. కరెంటు ప్లగ్ దొరికిన చోటల్లా పెట్టుకోవచ్చన్న వైర్‌లెస్ సుఖం నిజంగా దక్కేది ఇక్కడే.

కానీ 80 అనగానే మిగతా స్పీకర్లు అక్కడిదాకా దిగగలగాలి. అయిదారు అంగుళాల వూఫర్ ఉన్న షెల్ఫ్ స్పీకర్లు సాధారణంగా దిగుతాయి. అరచేతిలో పట్టే మూడు అంగుళాల స్పీకర్లు దిగలేవు. వాటితో 80 పెడితే మధ్యలో ఒక గొయ్యి పడుతుంది. నా గదిలో అదే చేసి మృదంగ కచేరీ విన్నాను. కుడి మూత మీది దెబ్బలు స్పష్టంగా వినిపించాయి. ఎడమ మూత గంభీరత పలచబడింది. సబ్‌వూఫర్ శబ్దం ఎంత పెంచినా ఆ గొయ్యి పూడలేదు, అడుగున హోరు మాత్రం పెరిగింది.

120 ఆ గోతిని పూడుస్తుంది, చిన్న స్పీకర్లకు శ్రమ కూడా తగ్గిస్తుంది. బదులుగా మన దగ్గర చోటు ఎంచుకునే స్వేచ్ఛను తీసుకుంటుంది. సబ్‌వూఫర్‌ను టీవీ పక్కకు, ముందు స్పీకర్ల దగ్గరికి తెచ్చుకోక తప్పదు. నా మాట అడిగితే, చిన్న స్పీకర్లున్నవారు పేరున్న అంకె కోసం పట్టుబట్టకుండా 120 పెట్టి పెట్టెను ముందుకు జరపడమే మేలు. పెద్ద స్పీకర్లుంటే 80 వదులుకోవద్దు. సౌండ్‌బార్‌తో వచ్చే కొన్ని సెట్లలో ఈ అంకెను కంపెనీయే బిగించేస్తుంది, మనకు కనిపించదు. అప్పుడు మన చేతిలో ఉన్నది చోటొక్కటే. అక్కడా ముందు వైపే మంచిది.

విడిగా కొన్న సబ్‌వూఫర్‌కు వైర్‌లెస్ అడాప్టర్ తగిలించినవారు రెండు విషయాలు చూసుకోవాలి. పెట్టె వెనక ఉన్న క్రాసోవర్ మీటను అన్నిటికన్నా పెద్ద అంకె దాకా తిప్పండి, లేదా ఆ కోతను పక్కన పెట్టే ఎల్ఎఫ్ఈ అని ఉన్న చోట పెట్టండి. లేకపోతే రిసీవర్ ఒకసారి, పెట్టె ఒకసారి, రెండుసార్లు కోత పడుతుంది. రెండోది ఆలస్యం. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది. అడాప్టర్ 10 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే సబ్‌వూఫర్ మూడున్నర మీటర్లు దూరం జరిగినట్టే లెక్క. రిసీవర్‌లో దాని దూరాన్ని టేపు చూపించిన దానికన్నా అంత మేర ఎక్కువగా నమోదు చేస్తే మిగతా స్పీకర్లు దాని కోసం ఆగుతాయి.

పరీక్షకు వార్తలే చాలు. మీరు రోజూ కూర్చునే చోట కూర్చుని కళ్లు మూసుకోండి. గొంతు పెట్టె వైపు లాగుతుంటే 10 హెర్ట్జ్ తగ్గించండి, సన్నబడితే 10 పెంచండి. నేను సబ్‌వూఫర్‌ను టీవీ బల్ల పక్కకు మార్చి 120తో మొదలుపెట్టి 110 దగ్గర ఆగాను. వార్తలు చదివే ఆయన గొంతు మళ్లీ ఆయన నోటి దగ్గరికి వచ్చింది.