పదిహేనా, యాభయ్యా? ఛార్టింగ్ యాప్‌లో మైక్ బటన్‌తో రెండున్నరేళ్ళు

హోమ్ హెల్త్ నర్సులకి, అంటే ఇళ్ళకెళ్ళి పేషెంట్లని చూసేవాళ్ళకి, ట్యాబ్లెట్ ఎలా ఉంటుందో, అందులో పేషెంటు వివరాలు రాసే ఛార్టింగ్ యాప్ ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. ఏ కంపెనీదైనా ఇంచుమించు అవే పేజీలు, అవే ఎర్ర చుక్కలు. నేను రాస్తున్నది ఒక్క బటన్ గురించి. నోట్ టైప్ చేసే చోట పక్కన చిన్న మైక్ బొమ్మ ఉంటుందే, అది. నొక్కి మాట్లాడితే మన మాటలు అక్షరాలవుతాయి.

వాడటం మొదలుపెట్టిన మూడో నెలలోనే తోటి నర్సులందరికీ వాట్సాప్‌లో పెట్టాను, "ఇది దేవుడిచ్చిన వరం, ఇంకేం ఆలోచించకండి" అని. ఆ మెసేజ్ డిలీట్ చెయ్యలేదు గానీ, ఇప్పుడు రాయమంటే అలా రాయను.

నా పరిస్థితి తెలిస్తే ఆ సంబరం ఎందుకో అర్థమవుతుంది. గుంటూరులో నర్సింగ్ చదివాను, ఇప్పుడు డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఊళ్ళలో ఇంటింటికీ తిరుగుతాను. రోజుకి ఐదారిళ్ళు. నాకిచ్చేది గంటల లెక్కన కాదు, విజిట్ లెక్కన. పిల్లలు పడుకున్నాక డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని కొట్టే నోట్లకి పైసా రాదు. కొత్త పేషెంటైతే మరీ కష్టం. ఆ ఒయాసిస్ అసెస్‌మెంట్, అంటే పేషెంటు పరిస్థితంతా నింపే పెద్ద ఫారం, కేర్ మొదలైన 5 రోజుల్లో పూర్తి కావాలని మెడికేర్ (ముఖ్యంగా పెద్దవాళ్ళకి ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) రూలు. 5 రోజులుంది కదా అని వదిలేశామా, నాలుగో రోజుకి ఆ పెద్దాయనకి వాపు కుడికాలికా ఎడమకాలికా అని మనకే గుర్తుండదు. 2023 జనవరిలో ఆ ఫారం కొత్త రూపం ఒయాసిస్-ఈ వచ్చాక జ్ఞాపకశక్తి పరీక్షలూ, మనసు ఎలా ఉందనే ప్రశ్నలూ కూడా చేరాయి. "సాక్, బ్లూ, బెడ్" అని మూడు మాటలు చెప్పి, కాసేపాగి మళ్ళీ చెప్పమనాలి. ఈ ఉద్యోగంలో నేనూ రాత్రి పదకొండింటికి ఆ మూడు మాటలు గుర్తుచేసుకోలేని స్థితికి వచ్చాను.

అలాంటప్పుడు దొరికింది ఈ మైక్. నాకు పాతిక నిమిషాలు పట్టే వివరణ నోట్ ఏడెనిమిది నిమిషాల్లో అయిపోయేది. ఒక ఇంట్లోంచి బయటికొచ్చి కారెక్కి, తలుపు వేసుకుని, చూసింది చూసినట్టు చెప్పేసి, తర్వాతి ఇంటికి బయల్దేరడమే.

మన యాసతో ఇబ్బంది మొదటి వారంలోనే తెలిసింది. రెండు కాళ్ళకి ఎడీమా (వాపు) ఉందంటే "అకాడమీ" ఉందని రాసింది. "వూండ్" (గాయం) అని ఎన్నిసార్లు చెప్పినా "బౌండ్" అనే పడేది. ఇవి నవ్వుకునేవే, చూడగానే దిద్దేస్తాం. ఒకటి మాత్రం నవ్వుకునేది కాదు. జ్వరం లేదని "ఎఫెబ్రైల్" అన్నాను. అది మొదటి అక్షరాన్ని విడగొట్టి "ఎ ఫెబ్రైల్" అని రాసింది. జ్వరం లేదన్న మాట కాస్తా ఉందన్నట్టయింది. మర్నాడు మా నోట్లు తనిఖీ చేసే క్యూఏ వాళ్ళ ఫోను, జ్వరం ఉంటే డాక్టరుకి ఎందుకు చెప్పలేదని. ఆ రోజు నుంచి "నో ఫీవర్" అనే అంటాను. కాలేజీలో నేర్చుకున్న పెద్ద మాటలు పక్కన పెట్టి పక్కింటావిడతో చెప్పినట్టు చెబితే మైక్‌కి బాగా అర్థమవుతుంది.

ఇక అసలు కథ. పోయిన ఏడాది ఆగస్టు. హాస్పిటల్ నుంచి అప్పుడే ఇంటికొచ్చిన షుగర్ పేషెంటు. రాత్రి వేసుకునే ఇన్సులిన్ డోసు మార్చి పంపారు, 15 యూనిట్లు. మందుల లిస్టులో ఆ అంకె నేనే చేత్తో కొట్టాను, సరిగ్గానే కొట్టాను. ఆయన భార్యకి ఇన్సులిన్ పెన్ను ఎలా తిప్పాలో చూపించి, ఆవిడ చేత ఒకసారి చేయించి, బయటికొచ్చి కారులో కూర్చుని నోట్ చెప్పాను. "ఫిఫ్టీన్ యూనిట్స్ ఎట్ బెడ్‌టైమ్" అన్నాను. అది 50 అని రాసింది. నేను చదివాను. చదివి, సంతకం పెట్టి, పంపించేశాను.

ఎలా చదివి ఉంటానో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. అప్పుడే నోటితో చెప్పిన మాట కాబట్టి తెరమీద ఏముందో కాక, నేను చెప్పిందే కనబడింది కాబోలు. పైగా స్పెల్లింగ్ తప్పయితే కింద ఎర్ర గీత పడుతుంది. అంకె తప్పయితే ఏ గీతా పడదు. 50 యూనిట్లు కూడా జనం వేసుకునే డోసే కదా, యాప్‌కి అందులో వింతేముంది?

రెండ్రోజుల తర్వాత ఆ ఇంటికి మా ఎల్‌వీఎన్ (లైసెన్స్‌డ్ వొకేషనల్ నర్సు) వెళ్ళింది. తలుపు తట్టే ముందు నా నోట్ చదివే అలవాటున్న మనిషి. నేను పెట్రోలు పోయించుకుంటుంటే ఫోన్ చేసింది, "లిస్టులో 15 అని ఉంది, నీ నోట్‌లో 50 అని ఉంది, ఏది నిజం?" అని. పంపు చేతిలో ఉండగానే ఒళ్ళు చల్లబడిపోయింది. ముందు లోపలికెళ్ళి ఆయన ఎంత వేసుకుంటున్నాడో అడగమన్నాను. ఆ పది నిమిషాలు ఆ బంకు నుంచి కదల్లేదు. ఆయన భార్య ఫార్మసీ లేబుల్ చూసే వేస్తోంది, 15 యూనిట్లే. షుగర్ కూడా బాగానే ఉంది. నా నోట్ ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు కాబట్టి సరిపోయింది.

సంతకం పెట్టిన నోట్‌ని చెరపడానికి లేదు. తేదీ, టైము వేసి అడెండమ్ రాయాలి, తప్పు అక్కడే ఉంటుంది, పక్కన దిద్దుబాటు ఉంటుంది. దాని తర్వాత ఇన్సిడెంట్ రిపోర్టు, మేనేజరుతో మీటింగు. మైక్ మిగిల్చిన టైము ఆ వారం వడ్డీతో సహా కట్టాను.

ఇప్పుడు అంకెలు మైక్‌కి చెప్పను. చెప్పక తప్పకపోతే "వన్ ఫైవ్" అని విడివిడిగా చెబుతాను. డాక్టరు ఫోనులో ఆర్డరు చెప్పినప్పుడు తిరిగి చదివి వినిపించేది ఇలాగే కదా. మనిషికి అంత జాగ్రత్తగా చెప్పేదాన్ని మెషీన్ దగ్గర ఎందుకు మర్చిపోయానో!

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. నాకు మిగిలిన టైమంతా మైక్ పుణ్యమే అనుకున్నాను, అంత లేదు. ఒయాసిస్‌లో ఎక్కువ భాగం గళ్ళు నొక్కడమే, మైక్ పనికొచ్చేది చివరి వివరణకి. అసలు మార్పేమిటంటే, గళ్ళన్నీ పేషెంటు ఎదుటే నింపడం మొదలుపెట్టాను, మిగిలింది కారులోనే ముగించడం అలవాటైంది. మైక్ లేకపోయినా అందులో సగం కలిసొచ్చేదేమో. కాకపోతే మైక్ లేకపోతే నేను కారులో కూర్చునేదాన్నే కాదు.

ఆ కూర్చోవడం కూడా టెక్సస్ ఎండాకాలంలో అనుకున్నంత సుఖం కాదు. ఏసీ ఫ్యాన్ పెద్దగా పెడితే ఆ హోరుకి సగం మాటలు పోతాయి. తగ్గిస్తే చెమట. అద్దాలు దించడానికి లేదు, పేషెంటు సంగతులు బయటికి వినబడకూడదు. ఒకసారి ట్యాబ్లెట్టే వేడెక్కిపోయి ఆగిపోయింది.

ఒక మంచి సంగతి మాత్రం ఊహించనిది. కొడుకు దగ్గర ఉంటున్న ఒక తెలుగు మామ్మగారింట్లో, ఆవిడ ఒప్పుకుంటే నోట్‌లో కొంత అక్కడే పైకి చెప్పాను. యాప్‌కి ఇంగ్లీషే వస్తుంది, మామ్మగారికి ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా "నో ఫాల్స్" అన్న మాట పట్టుకుని, "పడలేదని రాస్తున్నావా? మొన్న బాత్రూమ్ దగ్గర జారాను కదమ్మా, వీడికి చెప్పలేదులే" అన్నారు. అంతకుముందు తెలుగులో నేను అడిగితే లేదన్నారు! ఆ ఒక్క మాటతో ఫిజియోథెరపీకి ఆర్డరు, బాత్రూములో పట్టుకునే రాడ్లు అన్నీ వచ్చాయి. తర్వాతి వారం వెళ్తే ఆవిడే, "కారులో కూర్చుని ఎవరితో పోట్లాడుతున్నావమ్మా అంతసేపు?" అని అడిగారు.

కొనాలా వద్దా అనే ప్రశ్న మనకి లేదు, కంపెనీ ఇచ్చిందే వాడాలి. మైక్ ఆన్ చేసుకోవాలా అంటే, నాలా విజిట్ లెక్కన పని చేస్తూ, ఇంట్లో చిన్నపిల్లలుంటే చేసుకోండి. గంటల లెక్కన జీతమొచ్చేవాళ్ళకి ఇంత అవసరం ఉండకపోవచ్చు. పుట్టి పెరిగింది ఇక్కడే అయితే ఆ అకాడమీ బాధ ఉండదేమో గానీ, పదిహేను యాభై సంగతి వాళ్ళకీ తప్పదని మా ఎల్‌వీఎన్ అంటుంది. ఆమెది ఇక్కడి ఇంగ్లీషే. నా నోట్ తెరిస్తే ఇప్పటికీ ముందు ఇన్సులిన్ అంకె దగ్గరికే వెళ్తుందట. వెళ్ళనీ.