మూర్ఛ ఉన్న పిల్లలకు సీబీడీ నూనె: డాక్టరు రాసే మందా, దుకాణంలో దొరికే సీసానా?

అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో ఎవరి పిల్లలకైనా మందులకు లొంగని ఫిట్స్ ఉన్నాయని తెలిస్తే చాలు, సీబీడీ నూనె వాడి చూడమనే సలహా ఎటునుంచో వస్తుంది. మా చెల్లెలికీ అలాగే వచ్చింది. దాని కూతురికి ఏడేళ్లు, బరువు 20 కిలోలు, జబ్బు లెనాక్స్-గాస్టో సిండ్రోమ్, అంటే చిన్నతనంలోనే మొదలై మందులకు సులువుగా లొంగని మూర్ఛ. ఆ ఇంట్లో మొదట దుకాణంలో కొన్న సీసాను, తరువాత న్యూరాలజిస్టు రాసిన మందును వాడడం దగ్గరుండి చూశాను కనుక, ఏది మేలో నాకు అనిపించింది దాచకుండా చెబుతాను.

రెండు సీసాల్లోనూ ఉన్నది గంజాయి జాతి మొక్క నుంచి తీసిన సారమే. మత్తునిచ్చే టీహెచ్‌సీని వీలైనంత తగ్గించి, మత్తు లేని సీబీడీని గాఢంగా నిలుపుతారు. మూర్ఛకు ఈ మొక్కను వాడడం కొత్త సంగతేమీ కాదు. కలకత్తా మెడికల్ కాలేజీలో పనిచేసిన విలియం ఓషానెసీ, ఆగని మూర్ఛలతో ఉన్న ఒక పసిపాపకు గంజాయి టింక్చరు (సారాయిలో కరిగించిన సారం) చుక్కలు ఇచ్చిన వైనాన్ని 1839 ప్రాంతంలోనే రాసిపెట్టాడు. అలాంటి టింక్చర్లు తరువాత వైద్యులకు దూరం కావడానికి ఒక ముఖ్య కారణం, ఒక సీసా బలం మరో సీసాకు ఉండకపోవడం. సీసాలో నిజంగా ఎంత మందు ఉందన్న ఆ పాత ప్రశ్న దగ్గరే నేటి తేడా కూడా ఉంది.

డాక్టరు రాసే మందు పేరు ఎపిడియోలెక్స్. దీనికి, మందులను ఆమోదించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2018 జూన్‌లో అనుమతి ఇచ్చింది. మొదట లెనాక్స్-గాస్టోకు, పసితనంలోనే మొదలయ్యే మరో తీవ్రమైన మూర్ఛ డ్రావే సిండ్రోముకు, 2020లో ఒంట్లో గడ్డలు పెరిగే జన్యు జబ్బు ట్యూబరస్ స్క్లెరోసిస్ వల్ల వచ్చే ఫిట్స్‌కు అనుమతించారు. డ్రావే ఉన్న 120 మందిపై జరిపి 2017లో ప్రచురించిన పరీక్షలో, ఈ మందు వాడినవారికి నెలకు వచ్చే తీవ్రమైన ఫిట్స్ మధ్యగత సంఖ్య 12.4 నుంచి 5.9కి తగ్గింది, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో అది 14.9 నుంచి 14.1 వరకే దిగింది. ఫిట్స్ పూర్తిగా ఆగిపోయినవారు కొద్దిమందే. అయినా రోజుకు నాలుగైదుసార్లు పిల్లను ఒడిసిపట్టుకునే తల్లికి, సగం తగ్గడమంటే ఎంత ఊరటో ఆ ఇంట్లో ఒక్క వారం ఉన్నా అర్థమవుతుంది.

ఇక లెక్కకు వద్దాం, ఎందుకంటే నా మనసు మారింది ఇక్కడే. ఎపిడియోలెక్స్‌లో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల సీబీడీ ఉంటుంది. కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, రెండు పూటలుగా పంచి, వారం తరువాత 10కి, అవసరమైతే 20 వరకు డాక్టరు పెంచుతారు. రోజుకు కిలోకు 10 చొప్పున మా పాపకు కావలసింది 200 మిల్లీగ్రాములు, అంటే 2 మిల్లీలీటర్లు. దుకాణంలో తెచ్చిన 30 మిల్లీలీటర్ల సీసా మీద “500 మిల్లీగ్రాములు” అని పెద్ద అక్షరాలతో ఉంది, కానీ అది సీసా మొత్తానికి. అదే మోతాదు అందులోంచి ఇవ్వాలంటే రోజుకు 12 మిల్లీలీటర్లు పోయాలి, సీసా రెండున్నర రోజులకు అయిపోతుంది. చెల్లెలు మాత్రం పూటకు పది చుక్కలు వేసి, పని చేస్తుందో లేదోనని నెలల తరబడి ఎదురుచూసింది.

పైగా ఆ 500 అన్న అంకెను నమ్మడం ఎలా? ఆన్‌లైన్‌లో అమ్మే 84 సీబీడీ సరుకులను పరీక్షించి 2017లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, లేబులు మీది మోతాదు సరిపోలినవి సుమారు 31 శాతమే. 18 సరుకుల్లో టీహెచ్‌సీ కూడా బయటపడింది. మా వాళ్లింటి వంటగట్టు మీద ఒకే లేబులున్న రెండు సీసాలను పక్కపక్కన పెట్టి చూశాం. ఒకదానిలో నూనె తేనె రంగులో ఉంది, రెండోదానిలో ఆకుపచ్చగా, చిక్కగా ఉంది. ల్యాబు రిపోర్టు తెరిస్తే అందులోని బ్యాచ్ నంబరు రెండింటిలో దేనిదీ కాదు.

దుకాణాల నూనెను పూర్తిగా తీసిపారేయడం న్యాయం కాదని కూడా చెప్పాలి. కొలరాడోలో డ్రావేతో బాధపడిన షార్లెట్ ఫిగి అనే చిన్నారి కథ 2013లో టీవీలో వచ్చాకే లోకం సీబీడీ వైపు చూసింది. ఆమె వాడింది సాగుదారులు తీసిన సారమే. అలాంటి తల్లిదండ్రుల పట్టుదల డాక్టర్లను కదిలించింది. అయితే ఆ పట్టుదలకు తగిన జవాబుగా కొలిచిన మందు వచ్చాక, కొలవని సీసాకు తిరిగి వెళ్లడానికి నాకు కారణం కనబడదు.

డాక్టరు రాసే మందుకూ చిక్కులున్నాయి. నిద్రమత్తు, విరేచనాలు, ఆకలి తగ్గడం మామూలుగా కనిపిస్తాయి. కాలేయ ఎంజైములు పెరగవచ్చు, వాల్ప్రోయేట్ అనే ఫిట్స్ మందు కూడా వాడుతుంటే ఆ ముప్పు ఎక్కువ, అందుకే మొదలుపెట్టే ముందూ, తరువాతా రక్తపరీక్షలు చేయిస్తారు. క్లోబజామ్ అనే మరో ఫిట్స్ మందుతో కలిస్తే, శరీరంలో దాని నుంచి తయారయ్యే క్రియాశీల పదార్థం దాదాపు మూడు రెట్లయి పిల్ల మగతగా పడుకుంటుంది, అప్పుడు క్లోబజామ్ తగ్గించవలసి రావచ్చు. ఈ ప్రమాదాలు సీబీడీవే కనుక దుకాణం సీసాతోనూ ఉంటాయి. అక్కడ రక్తపరీక్ష రాసేవారు ఉండరు, అంతే తేడా. తిండి సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కొవ్వు బాగా ఉన్న భోజనంతో ఇస్తే ఈ మందు ఒంటికి పట్టడం నాలుగైదు రెట్లు పెరుగుతుంది కాబట్టి, ఒకరోజు పరగడుపున, మరునాడు నెయ్యి వేసిన పప్పన్నంతో ఇవ్వకూడదు. ఇందులో నువ్వుల నూనె ఉంటుంది, నువ్వులు పడని పిల్లలకు పనికిరాదు.

పేర్లలో పడే పొరపాట్లు మరో రెండు ఉన్నాయి. భారతదేశంలో హెంప్ ఆయిల్ పేరుతో ఆహారంగా అమ్మేది గింజల నూనె, అందులో సీబీడీ దాదాపు ఉండదు, ఫిట్స్‌కు అది మందు కాదు. ఇక సారాయిలాంటి ద్రావకంతో మొక్క మొత్తాన్ని పిండి తీసే నల్లటి చిక్కటి నూనెలో టీహెచ్‌సీయే ప్రధానం. అది పిల్లల నోట పెట్టే వస్తువు కానే కాదు. మన్యంలో పోలీసులు పట్టుకున్నట్టు పత్రికల్లో చదివే హ్యాష్ ఆయిల్ ఈ కోవలోదే. మాదకద్రవ్యాలపై 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం దానిని చరస్ (గంజాయి బంక) కిందే లెక్కిస్తుంది, కిలో దాటితే కనీసం పదేళ్ల జైలు. టీహెచ్‌సీ 0.3 శాతం లోపు ఉంటే 2018 నాటి అమెరికా చట్టం ఒప్పుకుందని సీసా పెట్టెలో వేసుకుని హైదరాబాద్‌లో దిగితే, ఆ సడలింపు ఇక్కడ అక్కరకు రాదు.

ఇప్పటికే దుకాణం నూనె వాడుతున్నవారు ఆ సంగతి డాక్టరుకు దాచవద్దు, సీసాను వెంట తీసుకెళ్లి చూపించాలి. నూనె మొదలుపెట్టామని పాత ఫిట్స్ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే, ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మా చెల్లెలు ఇప్పుడు సూది లేని సిరంజిలో మందు గీత దాకా లాగి, పాప బుగ్గ లోపలికి మెల్లగా వదిలి, ఎంత ఇచ్చిందో, ఆ రోజు ఎన్ని ఫిట్స్ వచ్చాయో తేదీతో నోటుబుక్కులో రాస్తోంది. చుక్కలు వేసిన నెలల్లో అలాంటి లెక్క రాయడానికి దాని దగ్గర అంకే లేదు.