లీటరు పెట్రోలులో ఎవరి వాటా కోస్తే మేలు?

2025 మధ్యలో ఢిల్లీ బంకులో లీటరు పెట్రోలు రూ.94.77. హైదరాబాద్‌లో రూ.107.46. పెట్రోలు ఒకటే, అమ్మే కంపెనీలూ అవే. ఆ 12 రూపాయల 69 పైసల తేడా దాదాపు మొత్తం రాష్ట్రాలు వేసే అమ్మకపు పన్ను వ్యాట్‌దే. ఢిల్లీలో వ్యాట్ 19.40 శాతం, తెలంగాణలో 35.20 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, దానిమీద లీటరుకు 4 రూపాయలు, ఆపైన రూపాయి రోడ్డు సెస్సు. విజయవాడ రేటు హైదరాబాద్‌ను కూడా దాటిపోవడం అందుకే.

అప్పటి ఢిల్లీ ధరను పొరలుగా ఒలిచి చూద్దాం. వ్యాట్ రూ.15.40, కేంద్ర ఎక్సైజు రూ.21.90, డీలరు కమీషను రూ.4.40 దాకా. ఇవి తీసేస్తే మిగిలేది 53 రూపాయలు. ముడిచమురు, శుద్ధి, రవాణా, కంపెనీ లాభం అన్నీ ఈ 53 లోపలే. ధర తగ్గాలంటే ఎక్సైజయినా కోయాలి, వ్యాటయినా కోయాలి, రెండూ తీసేసి జీఎస్టీ అయినా పెట్టాలి, లేదా కంపెనీ లాభం మీద చెయ్యి వేయాలి. ఎన్నికల సభల్లో నాలుగూ ఒకే గాటన కట్టి మాట్లాడతారు కానీ, బంకు దగ్గర నాలుగూ నాలుగు రకాలుగా పనిచేస్తాయి.

ఎక్సైజు కోత

అన్నిటికంటే వేగంగా పనిచేసేది ఇదే. రాత్రి నోటిఫికేషన్ వస్తే తెల్లారి ఆరింటికి బంకులో రేటు మారుతుంది. 2022 మే 22న కేంద్రం పెట్రోలుపై 8 రూపాయలు తగ్గిస్తే హైదరాబాద్ రేటు 119.49 నుంచి 109.66కు, అంటే రూ.9.83 దిగింది. 8 రూపాయలకు మించి తగ్గిన ఆ భాగం రాష్ట్రం జేబులోంచి పోయింది. వ్యాట్‌ను ఎక్సైజుతో కలిపిన ధర మీద శాతంగా వేస్తారు కాబట్టి కేంద్రం కోస్తే రాష్ట్రానికీ కోత పడుతుంది. కేంద్రం పెంచినప్పుడు రాష్ట్రానికీ నాలుగు రాళ్లు ఎక్కువ వస్తాయి, ఆ సంగతి మాత్రం ఏ ముఖ్యమంత్రీ ఎత్తడు.

ఇందులో అసలు మెలిక ఎక్సైజు లోపల ఉంది. 21.90లో రాష్ట్రాలతో పంచుకునే మూల ఎక్సైజు కేవలం రూ.1.40. మిగతాది ప్రత్యేక అదనపు సుంకం, వ్యవసాయ సెస్సు, రోడ్డు సెస్సు. ఇవి పంపకానికి రావు. 15వ ఆర్థిక సంఘం (2021-26) లెక్కన 1.40లో 41 శాతం, అంటే 57 పైసలు అన్ని రాష్ట్రాలకూ కలిపి. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4.047 శాతం, తెలంగాణది 2.102 శాతం. దేశంలో ఎక్కడ లీటరు అమ్మినా ఆంధ్రకు వచ్చేది సుమారు 2.3 పైసలు, తెలంగాణకు 1.2 పైసలు. రాష్ట్రాలు వ్యాట్‌ను అంత గట్టిగా పట్టుకుని కూర్చోవడానికి కారణం ఇక్కడుంది.

ఎక్సైజు కోతలో దెబ్బ తినేది డీలరు. ముందురోజు పాత రేటుకు ట్యాంకరు దించుకున్నవాడి దగ్గర 20 వేల లీటర్లు ఉంటే, 9.83 చొప్పున రాత్రికి రాత్రి రూ.1,96,600 హరీ. లీటరుకు 4 రూపాయల కమీషనుతో దాన్ని పూడ్చుకోవాలంటే మరో 49 వేల లీటర్లు అమ్మాలి, అదీ కరెంటు బిల్లు, కుర్రాళ్ల జీతాలు లెక్కలో వేయకుండా. ఒకేసారి పెద్ద కోత బదులు రోజుకు రూపాయి చొప్పున తగ్గిస్తే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. కానీ రోజుకు రూపాయి తగ్గితే పత్రికల్లో పతాక శీర్షిక రాదు.

ఎక్సైజుకు ఇంకో గుణం ఉంది: దిగడం ఎంత సులువో, ఎక్కడం అంతే సులువు, పైగా కనపడదు. 2014 ఏప్రిల్‌లో పెట్రోలుపై రూ.9.48 ఉన్న ఎక్సైజు 2020 మే నాటికి రూ.32.98కి చేరింది. చివరి 10 రూపాయలు ముడిచమురు కుప్పకూలినప్పుడు వేశారు. తగ్గాల్సిన ధర అక్కడే ఆగింది, ఆ తేడా ఖజానాకు వెళ్లింది. 2025 ఏప్రిల్‌లో వేసిన 2 రూపాయలూ అంతే, బంకులో రేటు మారలేదు.

వ్యాట్ కోత

శాతంగా వేసే పన్ను మైకులాంటిది. లోపలి ధర 10 రూపాయలు పెరిగితే ఢిల్లీలో 11.94 పెరుగుతుంది, హైదరాబాద్‌లో 13.52. ముడిచమురు మండినప్పుడల్లా రాష్ట్రానికి అడగని ఆదాయం. 2022 ఏప్రిల్ 27న ముఖ్యమంత్రుల సమావేశంలో ప్రధాని వ్యాట్ తగ్గించని రాష్ట్రాలంటూ పేర్లు చదివినప్పుడు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ అందులో ఉన్నాయి. తెలంగాణ జవాబు, మేము 2015 నుంచి శాతం పెంచనేలేదు అని. నిజమే. పెంచాల్సిన అవసరమే రాలేదు, ధర పెరిగితే శాతం తన పని తాను చేసుకుపోతుంది.

నా లెక్కలో ఇక్కడ చేయాల్సింది శాతం తగ్గించడం కాదు, శాతాన్ని తీసేసి రూపాయల్లో పన్ను వేయడం. తెలంగాణ లీటరుకు 28 రూపాయలని ఖాయం చేస్తే 2025 మధ్యనాటి ఆదాయం దాదాపు పోదు. రేపు ముడిచమురు ఎగసినా హైదరాబాద్‌వాడు ఢిల్లీవాడికంటే ఎక్కువ మోయడు, ధర పడినా రాష్ట్ర బడ్జెట్ కుదేలవదు. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, 4 రూపాయలు, సెస్సు కలిపితే సుమారు 30 రూపాయలవుతుంది. 4 రూపాయలు ఇప్పటికే స్థిరంగా ఉన్నాయి, మిగతాదాన్నీ ఆ దారిలో పెట్టడమే. లోపం ఒకటుంది. అయిదేళ్ల తర్వాత 28 రూపాయల విలువ తగ్గుతుంది, అప్పుడు ప్రభుత్వం బహిరంగంగా పెంచాల్సి వస్తుంది. పెంచనీండి, అసెంబ్లీలో చెప్పి మరీ పెంచనీండి.

సరిహద్దు కారుడు సంగతీ చూడాలి. యానాం చుట్టూ ఉన్న ఊళ్లవాళ్లు పెట్రోలు ఎక్కడ కొట్టిస్తారో చెప్పక్కర్లేదు. అక్కడ పుదుచ్చేరి వ్యాట్. లారీల విషయంలో అది ఇంకా పెద్దది. పక్క రాష్ట్రంలో డీజిల్ ఆరు రూపాయలు తక్కువైతే 350 లీటర్ల ట్యాంకు మీద ఒక్క నింపుడుకు 2,100 మిగులు. ఆ లీటర్ల మీద మన రాష్ట్రానికి వ్యాట్ మొత్తం సున్నా. అందుకే వ్యాట్ కాస్త తగ్గించినప్పుడు ఆదాయం అదే నిష్పత్తిలో పడిపోదు, ముఖ్యంగా డీజిల్‌పై.

జీఎస్టీ

వాట్సాప్‌లో అందరికీ నచ్చే పరిష్కారం ఇది. లెక్క వేద్దాం. పన్నుల్లేని ధర కమీషనుతో కలిపి 57.50 అనుకుంటే 40 శాతం జీఎస్టీతో 80.50. హైదరాబాద్‌లో 27 రూపాయలు తగ్గినట్టే. 2025 మధ్యలో లీటరుకు కేంద్రం, తెలంగాణ కలిపి దాదాపు 50 రూపాయలు తీసుకున్నాయి. 40 శాతంతో వచ్చేది 23. చెరి సగం చేస్తే రాష్ట్రం 28 నుంచి 11.50కి పడుతుంది, కేంద్రం 21.90 నుంచి 11.50కి. ఎక్కువ నష్టం రాష్ట్రానిదే. ఆ ఆదాయం నిలవాలంటే దాదాపు 87 శాతం జీఎస్టీ వేయాలి. చట్టంలో కేంద్ర జీఎస్టీకి గరిష్ఠ పరిమితి 20 శాతం, రాష్ట్ర జీఎస్టీతో కలిపి 40. మిగతా 47 శాతానికి మళ్లీ ఏదో సెస్సు తేవాలి. ఆ సెస్సు పేరు మార్చిన వ్యాటే అవుతుంది.

రాజ్యాంగం అడ్డు కాదు. 279ఎ అధికరణ ప్రకారం ఏ తేదీ నుంచి పెట్రోలును కలపాలో జీఎస్టీ మండలి సిఫారసు చేస్తే చాలు. కానీ మండలిలో నిర్ణయానికి నాలుగింట మూడొంతుల ఓటు కావాలి. కేంద్రానిది మూడో వంతు, రాష్ట్రాలది మూడింట రెండొంతులు. కేంద్రం ఒక్కటే అడ్డుపడినా ఆగుతుంది, కొన్ని రాష్ట్రాలు కలిసినా ఆగుతుంది. 2021 సెప్టెంబరు 17న లక్నోలో ఇది చర్చకు వచ్చి, ఇది సమయం కాదని పక్కకు పోయింది. పైగా జీఎస్టీ వస్తే కట్టిన పన్నును తిరిగి జమ చేసుకోగలిగేది వ్యాపార సంస్థలు. స్కూటరువాడికి ఆ సదుపాయం లేదు. దీని కోసం ఎదురుచూడడం దండగ.

కంపెనీ లాభం

ముందు ఒక అపోహ తీసేద్దాం. 2022 జూలై 1న వేసిన విండ్‌ఫాల్ పన్ను, అంటే అనుకోకుండా కలిసొచ్చిన లాభం మీద పన్ను, బంకు రేటును ఒక్క పైసా తగ్గించలేదు, తగ్గించడానికి వేసిందీ కాదు. అది దేశంలో తీసే ముడిచమురుపై టన్నుకు రూ.23,250, ఎగుమతి పెట్రోలుపై లీటరుకు 6 రూపాయలు, ఎగుమతి డీజిల్‌పై 13 రూపాయలుగా మొదలైంది. తగిలింది ఓఎన్‌జీసీ, రిలయన్స్ లాంటివాటికి. పదిహేను రోజులకోసారి మారుతూ 2024 డిసెంబరు 2న రద్దయింది. అధిక లాభంలో ఖజానా వాటా తీసుకోవడం న్యాయమే, ఆ డబ్బు బంకు దాకా రాలేదంతే.

బంకు దగ్గరి లాభం వేరు, అది ప్రభుత్వ కంపెనీలు ఇండియన్ ఆయిల్, బీపీసీఎల్, హెచ్‌పీసీఎల్‌ది. 2017 జూన్ 16 నుంచి రేటు రోజూ మారాలి. కానీ కర్ణాటక ఎన్నికల ముందు 2018 ఏప్రిల్ 24 నుంచి 19 రోజులు కదలలేదు. 2021 నవంబరు 4 నుంచి యూపీ ఎన్నికలు ముగిసేదాకా మళ్లీ కదలలేదు. 2022 మార్చి 22 నుంచి రెండు వారాల్లో 10 రూపాయలు పెరిగి, ఏప్రిల్ 6 తర్వాత మే నెల ఎక్సైజు కోత మినహా రెండేళ్లు గడ్డకట్టింది. 2024 మార్చి 15న లోక్‌సభ షెడ్యూలుకు ఒకరోజు ముందు 2 రూపాయలు తగ్గింది.

ముడిచమురు మండుతున్నా రేటు ఇలా గడ్డకట్టడంతో 2022-23లో ఇండియన్ ఆయిల్‌కు 8,242 కోట్లు, బీపీసీఎల్‌కు 1,870 కోట్లే లాభం, హెచ్‌పీసీఎల్‌కు 8,974 కోట్లు నష్టం. మరుసటి ఏడు ముడిచమురు దిగినా రేటు దిగలేదు, మూడూ కలిసి దాదాపు 81 వేల కోట్లు మిగుల్చుకున్నాయి. పాత నష్టాలు పూడ్చుకున్నామన్నది కంపెనీల వాదన, గ్యాస్ బండ మీద నష్టం కూడా భరించామంటారు. బండ నష్టానికి 2022లో 22 వేల కోట్లు ఖజానా నుంచి ఇచ్చారు కూడా. పెట్రోలు కొనేవాడి దగ్గర తీసి గ్యాసుకు సర్దడం, మళ్లీ ఖజానా నుంచి సర్దడం, ఈ చిక్కుముడిలో ఎవరు ఎంత కట్టారో ఎవరికీ తేలదు.

రేటు కదలకపోతే ఇంకో నష్టం పోటీ చావడం. 2008లో రిలయన్స్ తన 1,400కు పైగా బంకులు మూసుకుంది, ప్రభుత్వ కంపెనీల అణచిన రేటుతో పోటీపడలేక. 2022లో ప్రైవేటు బంకులు అమ్మకం తగ్గించేస్తే జనం ప్రభుత్వ బంకుల ముందు బారులు తీరారు. ధర పెరిగినప్పుడు అణచిపెడితే, పడినప్పుడు తక్కువకు అమ్మే పోటీదారు మిగలడు.

కాబట్టి నా వరుస ఇది. మొదట రోజువారీ రేటును నిజంగా రోజూ కదలనివ్వాలి, లోపలి 53 రూపాయల విడివిడి లెక్కతో సహా. రెండోది రాష్ట్ర వ్యాట్‌ను స్థిర రూపాయల్లోకి మార్చడం. ఎక్సైజును ముడిచమురు మరీ ఎగసినప్పుడు దించే కవాటంగా ఉంచుకోవాలి, పడినప్పుడు నింపుకునే సంచీగా కాదు. జీఎస్టీ చివర. మొదటిదానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు: ప్రయోగంగా 2017 మే 1న విశాఖపట్నంతో పాటు మరో నాలుగు నగరాల్లో మొదలై, నెలన్నరకు దేశమంతా విస్తరించిన ఆ పద్ధతిని అప్పుడు రాసుకున్నట్టే నడిపితే చాలు.