పట్టా చేతికొచ్చిన క్వార్టర్‌బ్యాక్‌కి ఏ దారి మేలు?

గురువారం సాయంత్రం ఐదున్నర. మా అమ్మాయికి ఫ్లాగ్ ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక రకం) నేర్పే కోచ్ సైటు నుంచి నేరుగా గ్రౌండ్‌కి వచ్చాడు. బూట్లకి మట్టి ఇంకా ఆరలేదు. ఉద్యోగం సివిల్ ఇంజినీరు, ఒకప్పుడు కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ ఆటని నడిపించేవాడు. "మరి పెద్ద లీగ్‌లో, అదే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, ఎందుకు ఆడలేదు?" అని అడగబోయి ఊరుకున్నాను. ఆ ప్రశ్న వినీ వినీ విసిగిపోయి ఉంటాడు.

కానీ ప్రశ్న మాత్రం బుర్రలోంచి పోలేదు. ఇరవై రెండేళ్లకి ఒక చేతిలో బంతి, ఇంకో చేతిలో ఇంజినీరింగ్ పట్టా ఉన్న కుర్రాడికి ఏది మేలు?

రెండూ కలిపి నడిపినవాళ్లలో నాకు బాగా నచ్చే మనిషి చార్లీ జాన్సన్ అనే క్వార్టర్‌బ్యాక్. న్యూ మెక్సికో స్టేట్‌లో చదివి, 1961 నుంచి 1975 దాకా సెయింట్ లూయిస్, హ్యూస్టన్, డెన్వర్ జట్లకి ఆడాడు. ఆ ఆడే రోజుల్లోనే సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో కెమికల్ ఇంజినీరింగ్ పీహెచ్‌డీ పూర్తిచేశాడు. చివరికి తను చదివిన యూనివర్సిటీకే తిరిగొచ్చి, కెమికల్ ఇంజినీరింగ్ శాఖకి అధిపతి అయ్యాడు. వినడానికి ఎంత బాగుందో! అయితే అప్పట్లో సీజన్ అయిపోతే ఆటగాడి టైమ్ ఆటగాడిదే. ఇప్పుడు వేసవి శిబిరాలు, జిమ్, వీడియో మీటింగులు పోను మిగిలేది తక్కువ. ఆ దారి ఇవాళ దాదాపు మూసుకుపోయిందనే నా అనుమానం.

దాదాపు అన్నాను, ఎందుకంటే జాష్ డాబ్స్ అనే ఇంకో క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు. టెనెసీలో ఏరోస్పేస్ ఇంజినీరింగ్ చదివాడు, 2017లో లీగ్ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండ్‌లో ఎంపికయ్యాడు, ఆటకి విరామం దొరికినప్పుడు నాసా వారి కెనెడీ స్పేస్ సెంటర్‌లో పనిచేశాడు. 2023లో మిన్నెసోటా జట్టులో చేరిన ఐదో రోజున, ఆడుతున్న క్వార్టర్‌బ్యాక్‌కి దెబ్బ తగిలితే హఠాత్తుగా బరిలోకి దిగాడు. తోటివాళ్ల పేర్లే ఇంకా సరిగ్గా తెలియవు. ఎప్పుడు ఏ కేక వేస్తే బంతి వెనక్కి అందించాలో మైదానం గీత బయటే నిలబడి ప్రాక్టీస్ చేశారు. హెల్మెట్‌లోని రేడియోలో కోచ్ చెబుతూ ఉంటే విని ఆడాడు. ఆ రేడియో కూడా ప్లే క్లాక్ (బంతి ఆటలో పెట్టడానికి ఇచ్చే గడువు లెక్కించే గడియారం) మీద 15 సెకన్లు మిగిలేసరికి ఆగిపోతుంది. అయినా అట్లాంటాని 31-28తో ఓడించారు. ఆ బుర్రకి జోహార్లు. కాకపోతే అదే మనిషి జట్టు నుంచి జట్టుకి పెట్టె సర్దుకుంటూ తిరగడం కూడా చూశాం. డబ్బుంది, ఇల్లు ఎక్కడో తెలియదు.

పైగా వీళ్లిద్దరూ లీగ్‌లోకి వెళ్లగలిగినవాళ్లు. కాలేజీలో ఆడినవాళ్లలో నూటికి ఇద్దరు కూడా ఎన్‌ఎఫ్‌ఎల్ దాకా చేరరు. మిగతావాళ్లలో కొందరు "ఈ ఏడాది పిలుస్తారు, వచ్చే ఏడాది పిలుస్తారు" అని ట్రైఅవుట్‌ల (జట్లు పెట్టే ఎంపిక పరీక్షల) చుట్టూ తిరుగుతారు. నన్నడిగితే అన్నిట్లోకీ చెడ్డ దారి అదే. ఆట దొరకదు, పట్టాకి తుప్పు పడుతుంది.

ఇక మా కోచ్ దారి. నెల జీతం, వారానికి రెండు సాయంత్రాలు, శనివారం పొద్దున. ఈ కోచింగ్‌కి పైసా రాదు, పెట్రోలూ తనదే. కాంక్రీటు పోసే రోజు వస్తే ప్రాక్టీసు ఎగ్గొట్టాలి, తల్లిదండ్రుల మెసేజ్‌ల టెన్షన్ వేరే. కానీ మోకాళ్లు బాగానే ఉన్నాయి. ఫ్లాగ్ ఫుట్‌బాల్‌లో మీదపడి కుమ్ముకోవడం ఉండదు, నడుముకి వేలాడే రిబ్బన్ లాగేస్తే ఆట ఆగినట్టే. 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో ఇది కూడా ఉంది కాబట్టి ఇప్పుడు ఆడపిల్లలూ బాగా వస్తున్నారు.

డ్రాఫ్ట్ మొదటి రెండు మూడు రౌండ్లలో పిలుపు వస్తే కళ్లు మూసుకుని వెళ్లమంటాను, నాలుగైదేళ్ల ఆటతో వచ్చే డబ్బు ఏ ఇంజినీరూ అంత త్వరగా చూడడు. ఆ పిలుపు రాకపోతే ఒక్క ఏడాది చూసి ఉద్యోగంలో చేరడమే నయం. ఆట ఎక్కడికీ పోదు, పిల్లల చేతుల్లోకి మారుతుంది, అంతే.

మొన్న మా అమ్మాయి ఎటు పరుగెత్తాలో మర్చిపోయింది. కోచ్ జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి గడ్డి మీద పరిచాడు. ఒక వైపు ఏదో మురుగుకాలువ డ్రాయింగ్. రెండో వైపు పెన్సిల్‌తో ఐదు గుండ్రాలు, ఐదు బాణాలు. "ఇదిగో, నువ్వు ఈ గుండ్రం" అన్నాడు.