కమిషనర్‌కు ఫిర్యాదా, హైకోర్టులో రిట్టా?

ఆటిజం ఉన్న పిల్లవాడికి బడి సీటు నిరాకరిస్తే, బెంగళూరు మారతహళ్లిలోని మన తెలుగువాళ్లు ముందు వకీలు కోసం వెతుకుతారు. నన్నడిగితే, ముందు కర్ణాటక దివ్యాంగుల కమిషనర్‌కు రాయమంటాను. దివ్యాంగుల హక్కుల చట్టం (2016) ప్రకారం ఆయన సాక్షులను పిలిపించగలరు, రికార్డులు తెప్పించగలరు. వకీలు లేకుండానే ఫిర్యాదు చేయవచ్చు. చివరికి వచ్చేది సిఫారసే, చిక్కంతా అక్కడే. అయినా దాన్ని పాటించని అధికారి మూడు నెలల్లో కారణం చెప్పుకోవాలి.

ఎటు వెళ్లినా కాగితం ఉండాలి. ‘మీ బాబును చూసుకునే టీచర్ లేరండీ’ అని బడివాళ్లు ఫోనులో తేల్చేస్తారు. అదే మాట రాసివ్వమని మెయిల్ పెట్టండి, గొంతు మారుతుంది. చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే జరిమానా 10,000 రూపాయల వరకే. పెద్ద బళ్లకు అది బస్సు ఫీజుపాటి కూడా కాదు!

విధాన సౌధ ఎదుటి ఎర్ర భవనంలో, అంటే హైకోర్టులో, వచ్చేది ఆదేశం. దాన్ని పాటించి తీరాలి. కానీ ఖర్చు, వాయిదాలు తప్పవు. పైగా ప్రైవేటు బడి మీద రిట్ (హక్కుల కోసం నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్) చెల్లుతుందా అన్న వాదనే ముందు మొదలవుతుంది. బోర్డు పరీక్షలో అదనపు సమయం నిరాకరించి, పరీక్ష ముంచుకొస్తుంటే మాత్రం నేరుగా అక్కడికే వెళ్లాలి.